గోల్డ్‌వింగ్ వెనక చక్రానికి కారు టైరు: పదకొండు నెలల కేసు

బండి హోండా గోల్డ్‌వింగ్, జీఎల్ 1800, 2015 మోడల్. 1,832 సీసీ, అటు మూడు ఇటు మూడు సిలిండర్లు, నాలుగు క్వింటాళ్ళు దాటిన బరువు. బండిగల ఆయన నెల్లూరు డాక్టరు గారు. ముప్పై ఏళ్ళుగా బెంగళూరు వైట్‌ఫీల్డులో కాపురం, వయసు అరవై పైన. నాది కె.ఆర్. పురంలో, పాత మద్రాసు రోడ్డు మీద టైర్ల షాపు. వచ్చేవి ఎక్కువగా కార్లే. పెద్ద బైకులు నెలకు ఏడెనిమిది వస్తాయి. 2021 ఆగస్టులో ఒక సాయంత్రం ఆయన వచ్చి, బండికి స్టాండు వేసి, హెల్మెట్టు తీయకముందే అడిగారు: "అబ్బయ్యా, దీనికి వెనక కారు టైరు ఎక్కిస్తావా?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

వంగి చూస్తే వెనక టైరు నడుమ చపాతీ పీటలా అయిపోయి ఉంది. రెండు పక్కలా మాత్రం కొత్త టైరుకుండే రబ్బరు వెంట్రుకలు ఇంకా అక్కడక్కడా కనిపిస్తున్నాయి. హైదరాబాదు రోడ్డు మీద గీత గీసినట్టు పోయే బండికి అరిగేది నడుమే. పదమూడు వేల కిలోమీటర్లకే అయిపోయిందని ఆయన బాధ. ఇంత బరువు బండికి అది మామూలు సంగతే. అసలు చిక్కు తర్వాతి టైరుతో వచ్చింది. 2020 జూన్ 12న కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని స్వేచ్ఛా జాబితాలోంచి తీసి ఆంక్షల జాబితాలో పెట్టింది. అప్పట్నుంచి లైసెన్సు లేకుండా తెప్పించడానికి లేదు. మామూలు బైకులకు మన కంపెనీల సరుకు ఉంది. గోల్డ్‌వింగ్‌కి కావలసిన 180/60 ఆర్16 లాంటి సైజులు మాత్రం బజార్లో మాయమయ్యాయి. ఒకచోట నాలుగు నెలలు ఆగమన్నారట. ఇంకోచోట ఉంది గానీ, దాని తేదీ కోడు 2217. అంటే 2017లో 22వ వారం తయారీ. నాలుగేళ్ళు గోడౌనులో మగ్గిన టైరుకు కొత్త ధర కంటే ఎక్కువ అడిగారు.

ఇక్కడ డాలస్‌లోని బావమరిది ప్రవేశించాడు. ఆయనకూ ఇదే బండి, వెనక కారు టైరు. అమెరికాలో టూరింగ్ బైకుల వాళ్ళు కొందరు చాలాకాలంగా ఇలా చేస్తున్నారు, దానికి డార్క్‌సైడ్ అని పేరు కూడా పెట్టుకున్నారు. "వాడు నలభై వేలు నడిపాడంట, మనకేం రోగం?" అన్నారు డాక్టరు గారు. నవంబరులో అమ్మగారిని (ఆయన భార్యను) వెనక కూర్చోబెట్టుకుని కాశీకి బండి మీద పోవాలని ఆయన సంకల్పం. సెలవు పెట్టేశారు, గది బుక్ చేశారు, టైరే లేదు.

కాగితం మీద

రెండు రోజులు టైం అడిగి లెక్క వేసుకున్నాను. మనకు సులభంగా దొరికే 195/55 ఆర్16 దీనికి దగ్గర సైజు. బాలెనో, ఐ20 కార్ల పై మోడళ్ళకు ఇదే వేస్తారు, ఏ షాపులో అడిగినా ఉంటుంది. బైకు టైరు వెడల్పు 180 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 60 శాతం, అంటే 108. పైనా కిందా కలిపి, పదహారంగుళాల రిమ్ము 406.4 చేర్చితే బైకు టైరు ఎత్తు 622.4. అలాగే లెక్కిస్తే కారు టైరుది 620.9. తేడా ఒకటిన్నర మిల్లీమీటరు. స్పీడోమీటరుకు గానీ ఏబీఎస్‌కు గానీ తెలియనంత తక్కువ. బరువు మోసే సంగతి చూస్తే కారు టైరే బలమైంది. దాని లోడ్ ఇండెక్స్ 87, అంటే 545 కిలోలు. పాత బైకు టైరు మీద 74 ఉంది, అంటే 375.

ఇంతవరకూ చూస్తే ఎవరికైనా బాగానే ఉందనిపిస్తుంది. బావమరుదులు ఇక్కడితో ఆగిపోతారు.

రిమ్ము మీద అచ్చు చూస్తే కథ మారుతుంది. గోల్డ్‌వింగ్ వెనక రిమ్ము ఎంటీ 5.00, అంటే వెడల్పు అయిదంగుళాలు. 195/55 కారు టైరుకు అనుమతించిన వెడల్పు అయిదున్నర నుంచి ఏడంగుళాలు. మొదటి అడుగులోనే హద్దు దాటుతున్నాం. ఎంటీ అనే అక్షరాల వెనక ఇంకో తేడా ఉంది. కారు రిమ్ములు జె రకం, వాటి అంచు ఎత్తు పదిహేడు మిల్లీమీటర్ల పైన. ఎంటీ రిమ్ము అంచు పద్నాలుగే. టైరు బీడు, అంటే రిమ్మును పట్టుకునే తీగ ఉన్న లోపలి అంచు, ఆనుకుని నిలబడే గోడ అది. కారు టైరు బీడు లావుగా, పెద్ద గోడకు ఆనుకోవడానికి చేసింది. దాన్ని పొట్టి గోడ దగ్గర, ఇరుకు పీట మీద కూర్చోబెడుతున్నామన్నమాట. బండి మాన్యువలూ, టైరు కంపెనీలూ కారు టైరు వేయొద్దని చెప్పేది ముఖ్యంగా ఈ కారణానికే. అది వాళ్ళ అమ్మకాల కోసమని చాలామంది అనుకుంటారు.

చట్టం సంగతి కూడా ముందే చెప్పాను. మన దేశంలో ద్విచక్ర, త్రిచక్ర వాహనాల టైర్లకు భారత ప్రమాణం ఐఎస్ 15627, కార్ల టైర్లకు ఐఎస్ 15633. టైరు గోడ మీదే ఆ నంబరు ఉంటుంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు సర్వేయరు మొదట చదివేది దాన్నే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా కంపెనీ ఇచ్చినదాన్ని మార్చొద్దంటుంది. ఇవన్నీ తెలుగులో ఒక కాగితం మీద రాసి, ఆయన చేత సంతకం పెట్టించుకున్నాను. ఆయన తన ప్రిస్క్రిప్షన్ సంతకం పెట్టారు, అది ఎవరూ చదవలేరు.

మరి ఎందుకు ఒప్పుకున్నానంటే, నిజం చెప్తాను, నాకూ చూడాలనిపించింది. ఇరవై రెండేళ్ళుగా టైర్లు ఊడదీసి ఎక్కించేవాడికి ఇలాంటి సరదా ఉంటుంది. ఆ సరదాకు చక్రం మనదైతే ఫర్వాలేదు. పైగా ఆయన వెళ్ళేది కాశీ, దారంతా తిన్నటి రోడ్డే.

ఎక్కించిన రోజు

గోల్డ్‌వింగ్ వెనక చక్రం ఒంటిచేతి ఆర్ము మీద ఉంటుంది, కారు చక్రంలా అయిదు నట్లే. దించడం, బ్యాలెన్సింగ్ మిషను మీద పెట్టడం రెండూ తేలికే. పాత టైరు విప్పి, రిమ్ము బీడు కూర్చునే చోటంతా శుభ్రం చేసి, కారు టైరు లోపలికి తోశాం. ఎక్కడం బాగానే ఎక్కింది. కూర్చోవడమే కూర్చోలేదు.

గాలి కొడుతుంటే మొదటి బీడు 30 పీఎస్ఐ దగ్గర టప్పున కూర్చుంది. రెండోది 40 వచ్చినా కదల్లేదు. మా కుప్పం కుర్రాడు నాజిల్ మీద వేలు తీయకుండా "ఇంకో పది కొడదామన్నా" అన్నాడు. కారు టైరు బీడు కూర్చోబెట్టడానికి 40 దాటొద్దనేది మా పనిలో మొదటి పాఠం. బీడు తీగ తెగితే టైరు బాంబే. చిన్నప్పుడు పలమనేరులో లారీ టైరు రింగు ఎగిరి ఒకాయన చెయ్యి ఏమైందో చూసినవాణ్ణి. ఇలాంటి టైర్లు 60 పైన కొట్టి కూర్చోబెట్టామని గొప్పగా చెప్పేవాళ్ళున్నారు. నా షాపులో అది జరగదు.

గాలి తీసేసి, బీడు మళ్ళీ కిందికి నొక్కి, టైరును గంటసేపు ఎండలో పెట్టాం. రబ్బరు మెత్తబడింది. బీడుకు సబ్బునీళ్ళు ఇంకాస్త ధారాళంగా పూసి (ఈ మాట గుర్తుపెట్టుకోండి), వాల్వు పిన్ను తీసేసి, గాలి ఒక్కసారిగా లోపలికి పోయేలా కొట్టాం. 38 దగ్గర రెండోదీ కూర్చుంది. టైరు గోడ మీద రిమ్ము అంచుకు సమాంతరంగా ఒక సన్నటి గీత ఉంటుంది. బీడు సరిగ్గా కూర్చుందో లేదో చెప్పేది ఆ గీతే. ఒక పక్క చుట్టూ సమంగా ఉంది. రెండో పక్క ఒకచోట రెండు మిల్లీమీటర్లు లోపలికి పోయింది. మళ్ళీ విప్పి మళ్ళీ కొడితే ఒక మిల్లీమీటరుకు వచ్చింది. అక్కడ ఆపాను. ఆపకుండా ఉండాల్సింది.

చివర్లో వాల్వుకు ఎదురుగా టైరు మీదా, రిమ్ము మీదా కలిసేలా పసుపు పెయింటుతో ఒక అడ్డగీత గీశాను. టైరు రిమ్ము మీద జారితే ఆ గీత విడిపోతుంది. ఖర్చు లేని పరీక్ష అది. ఈ కేసులో నాకు నిజం చెప్పింది ఆ గీత ఒక్కటే.

నడిపితే ఎలా ఉంది

మొదట నేనే తీసుకెళ్ళాను, హొసకోటె దాకా. తిన్నగా పోయేటప్పుడు బండి రాయిలా ఉంది. వెనక బ్రేకు పట్టు పెరిగింది. వాన పడ్డ రోజున నీళ్ళ మీద కూడా బెదరలేదు, కారు టైరు కాలువలు లోతు కదా.

తిరగడం దగ్గర మాత్రం వేరే బండి. బైకు టైరు అడుగు కుండలా గుండ్రం. కుండను వంచితే దొర్లుతుంది. కారు టైరు పెట్టె. పెట్టెను వంచితే ఒక అంచు మీద లేస్తుంది, వదిలితే మళ్ళీ కూలబడుతుంది. మలుపులో బండి వంగినప్పుడు రోడ్డుకు తగిలే చోటు నడుమ నుంచి వంగిన పక్క అంచుకు జరుగుతుంది. అక్కణ్ణుంచి అది బండిని నిటారుగా లేపాలని చూస్తుంది. కాబట్టి మలుపు అయ్యేదాకా హ్యాండిలును నొక్కిపట్టే ఉండాలి. తిన్నటి రోడ్డు మీదా తిప్పలే. మనం ఎడమ పక్క నడుపుతాం, నీళ్ళు పోవడానికి రోడ్డు ఎడమకు వాలుగా ఉంటుంది. బల్లపరుపు టైరు ఆ వాలుకు సర్దుకుని బండిని ఎడమకు ఒరగనిస్తుంది. గంటసేపు కుడి హ్యాండిలును అరచేత్తో నెడుతూనే ఉండాలి. నాకు భుజం పట్టేసింది. డాక్టరు గారికి మూడో రోజుకే అలవాటైపోయింది.

బెంగళూరులో సిమెంటు వేసిన రోడ్ల మీద పలకకూ పలకకూ మధ్య పొడుగునా అతుకు ఉంటుంది. బైకు టైరు దాన్ని ఏటవాలుగా దాటితే తెలియదు. కారు టైరు ఒక అంచు పైపలక మీద, ఇంకో అంచు కిందిపలక మీద పెట్టి, బండిని ఒక్క కుదుపు కుదిపి పక్కకు విసురుతుంది. టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఒకసారి నా గుండె జారింది.

ఇక అసలు మాట, గాలి. కంపెనీ చెప్పింది వెనక 41. అంత గాలి పెడితే కారు టైరు గోడ బిగుసుకుని, మలుపులో పెట్టెతనం అంతా చూపించింది. 36కి దించితే కొంచెం మెత్తబడింది. 30కి దించితే బండి వంగినా గోడ కాస్త నలిగి, ట్రెడ్డు (రోడ్డును తాకే పైభాగం) రోడ్డును వదలకుండా ఉంది. అబ్బ, దాదాపు బైకులాగే తిరిగింది. ఆ మలుపుల సుఖం కోసమే డార్క్‌సైడ్ వాళ్ళు గాలి తగ్గిస్తారు. ఇరుకు రిమ్ము మీద, పొట్టి అంచు దగ్గర కూర్చున్న బీడును పట్టి ఉంచేది కూడా ఆ గాలే. తగ్గించిన కొద్దీ బండి మన మాట వింటుంది, బీడు వినడం మానేస్తుంది. కారులో అయితే ఈ రెండూ పోట్లాడుకోవు. ఇక్కడ ఒకదాని సుఖం ఇంకోదాని కష్టం.

పరీక్ష కోసం 30 పీఎస్ఐతో ముళబాగిలు మీదుగా మా పలమనేరు దాటి మొగిలి ఘాటు దిగి, మళ్ళీ ఎక్కాను. ఆ ఘాటులో మలుపులూ లారీలూ రెండూ ఎక్కువే. ఒంటరిగా, సామాను లేకుండా, జాగ్రత్తగానే నడిపాను. మా ఊళ్ళో టీ తాగుతూ వంగి చూస్తే పసుపు గీత విడిపోయింది. టైరు గీత, రిమ్ము గీత మధ్య పద్దెనిమిది మిల్లీమీటర్లు.

టీ చల్లారిపోయింది.

ఈ ఇంజను టార్కు 167 న్యూటన్ మీటర్లు. ఆ లాగుడుకు రిమ్ము టైరు లోపల తిరిగిందన్నమాట. మొదట నా తప్పే వెతికాను. ఎండలో పెట్టిన రోజు సబ్బునీళ్ళు ధారాళంగా పూశాను కదా, అది లోపల ఆరలేదేమో. 36 పెట్టి షాపుకొచ్చి, పూర్తిగా విప్పి, తుడిచి, ఈసారి పల్చగా పూసి ఎక్కించి, ఒక రాత్రంతా ఆరనిచ్చాను. గాలి 38. తర్వాతి ఆరొందల కిలోమీటర్లు గీత కదల్లేదు. సబ్బే దోషి అని తేల్చేసుకున్నాను. తేల్చుకున్నది నాకు కావలసిన జవాబు. అది సగమే నిజమని తర్వాత తెలిసింది.

డాక్టరు గారికి రెండు షరతులు పెట్టాను: గాలి 38కి తగ్గకూడదు, ఘాట్లలో దూకుడు కూడదు. "మీ ఆవిడ వెనకుంటే దూకుడు అదే తగ్గుతుంది సార్" అంటే నవ్వారు.

కాశీ

నవంబరులో వెళ్ళారు, వచ్చారు. హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు మీదుగా రానూపోనూ 3,700 కిలోమీటర్ల చిల్లర. ఒక్క పంక్చరు లేదు. అమ్మగారు మా షాపుకు గంగాజలం సీసా పంపారు, అది ఇప్పటికీ గల్లాపెట్టె మీద ఉంది. పసుపు గీత ఎక్కడిదక్కడే. కొత్తలో ఎనిమిది మిల్లీమీటర్లున్న ట్రెడ్డు నడుమ 7.3, పక్కల 7.6. ఇరుకు రిమ్ము వల్ల పక్కలు లోపలికి లాక్కుని నడుమ ఉబ్బుతుంది, అందుకే నడుమ ముందు అరుగుతుంది. ఈ లెక్కన ముప్పై వేల కిలోమీటర్లు ఖాయం. ఆరు వేల రూపాయల చిల్లర టైరు, ఇరవై వేల పైమాట టైరుకు రెండింతలు నడిచేలా ఉంది. డాక్టరు గారు డాలస్‌కు ఫోను చేసి ఫొటో పంపారు. నాకూ, నిజం దాచడమెందుకు, ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ముందు టైరు చూసి మాత్రం కొంచెం ఆలోచించాను. దాని కుడి పక్క ఎడమకంటే బాగా ఎక్కువ అరిగింది. మన రోడ్ల మీద ముందు టైర్ల కుడి పక్క ఎక్కువ అరగడం మామూలే, కాబట్టి మొత్తం నేరం కారు టైరు మీద వేయలేను. అయినా మూడు వేల చిల్లర కిలోమీటర్లకు అంత తేడా నేను చూడలేదు. కుడి హ్యాండిలు మీద పడ్డ ఆ అరచెయ్యి ఎక్కడో ఒకచోట లెక్క రాసుకుంటుంది కదా.

జూలై

2022 జూలైలో ఒక సోమవారం పొద్దున్నే వచ్చారు. "గాలి తగ్గుతోంది అబ్బయ్యా, వారానికి మూడు పాయింట్లు." అంతకు ముందు రోజు స్నేహితులతో మదనపల్లె మీదుగా హార్సిలీ హిల్స్ వెళ్ళొచ్చారట. గేజి పెడితే 29. పసుపు గీత వైపు చూడబుద్ధి కాలేదు. చూశాను. ముప్పై ఒక్క మిల్లీమీటర్లు.

"సార్, గాలి ఎంత పెట్టి వెళ్ళారు?"

ఆయన పక్క షాపు బోర్డు చదవడం మొదలుపెట్టారు. కాసేపటికి, "32... ఘాటులో చెయ్యి నొప్పెడుతోందయ్యా" అన్నారు.

కోప్పడలేకపోయాను. నాకు 30లో దొరికిన సుఖమే ఆయన వెతుక్కున్నారు. వాడేవాడు తప్పకుండా చేసే పని వల్ల ఊడిపోయే అమరికను నేనే ఆయనకు అంటగట్టాను.

టైరు విప్పాక మిగతా సగం నిజం కనిపించింది. రిమ్ము మీద బీడు కూర్చునే చోట చుట్టూ నల్లటి పొడి, కాటుకలా. బీడు లోపలి అంచు ఒరిపిడికి నున్నబడి, ఒకచోట, ఆ ఒక మిల్లీమీటరు తేడా వదిలేసిన చోటే, రబ్బరు లేచి లోపలి గుడ్డపోగు కనిపిస్తోంది. గాలి పోతున్నది అక్కణ్ణుంచే. అంటే 38లో కూడా బీడు పూర్తిగా ఊరుకోలేదు. గీత కదలనంత చిన్నగా, ప్రతి కిలోమీటరూ రాసుకుంటూనే ఉంది. సబ్బుది మొదటి జారుడు మాత్రమే. తర్వాతదంతా ఇరుకు పీట చేసిన పని. ట్రెడ్డు నడుమ ఇంకా 5.9 ఉంది. బయటి నుంచి చూస్తే ఆ టైరుకు సగం జీవితం మిగిలే ఉంది.

మొత్తం నడిచింది 14,300 కిలోమీటర్లు. తీసేసిన బైకు టైరు కంటే 1,300 ఎక్కువ.

డాక్టరు గారు ఆ గుడ్డపోగును చాలాసేపు చూశారు. కాలి పుండును చూసినట్టే చూశారు. "వెనక ఆవిడ ఉండింది కాశీకి పోయినప్పుడు" అన్నారు. నేనేమీ అనలేదు. అప్పటికి ఒక దిగుమతిదారు దగ్గర 180/60 వచ్చి ఉంది, తేదీ కోడు ఆ ఏడాదిదే. రెండు రోజుల్లో తెప్పించి వేశాం. రిమ్ము బీడు పీటను సన్నటి గరుకు గుడ్డతో తుడిచి, చుట్టూ డయల్ గేజి పెట్టి చూశాను, రిమ్ముకు ఏమీ కాలేదు. బైకు టైరు బీడులు రెండూ తేలిగ్గా కూర్చున్నాయి, 32 కూడా దాటలేదు. గోడ మీది గీత చుట్టూ సమానం. గాలి 41. పసుపు గీత మళ్ళీ గీశాను. ఆరు వేల కిలోమీటర్ల తర్వాత సర్వీసుకు వచ్చినప్పుడు చూస్తే గీత గీసినచోటే ఉంది.

విప్పిన కారు టైరును బాలెనో వాళ్ళెవరైనా అడుగుతారేమోనని మా కుర్రాడు పక్కన పెట్టబోయాడు. బీడు దగ్గర రంపంతో రెండు ముక్కలు కోయించి తుక్కులో వేయించాను.

ఈ కబురు ఎలాగో పాకింది. ఆ తర్వాత ఇదే పని మీద నలుగురు వచ్చారు. ఒకాయన హోసూరు నుంచి ట్రయంఫ్ కంపెనీ బైకు రాకెట్ త్రీ తెచ్చాడు, దాని వెనక టైరు 240/50 ఆర్16. వచ్చినవాళ్ళకు టైరు సైజు లెక్క చెప్పడం మానేశాను, అది ఎప్పుడూ బాగానే వస్తుంది. రిమ్ము మీది అచ్చు చదివి, వాళ్ళు వేయమంటున్న కారు టైరుకు అనుమతించిన రిమ్ము వెడల్పు పక్కన రాసి చూపిస్తాను. ఆ తర్వాత ఫోనులో ఆ నల్లటి పొడి ఫొటో. ముగ్గురు ఊరుకున్నారు. నాలుగో ఆయన, రాకెట్ ఆయన కాదు, వేరే షాపులో వేయించుకున్నాడని విన్నాను. కనీసం పసుపు గీతైనా గీయించుకోమని చెప్పి పంపాను.